దొరువులో నేను తవ్విన మూర

దివిసీమలో, సముద్రానికి అరకోసు దూరంలో ఉన్న ఒక ఊళ్లో, ఒక ఎండాకాలం మంచినీళ్లు ఉప్పెక్కాయి. దానికి కారణం నేను. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడమే కాదు, తప్పు మరొకరిదని నా చేత్తో కాగితం మీద రాశాను. పదహారేళ్లపాటు ఆ కాగితమే నిజంగా చెల్లింది. దాన్ని రాసినవాణ్ణి నేనే కనుక, అది అబద్ధమని రాయవలసినవాణ్ణి కూడా నేనే.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మాది గుడివాడ దగ్గర పల్లె. మా తాతగారు, మా నాన్నగారు బడిపంతుళ్లు. నేనూ అదే అయ్యాను. మా వైపు నీళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. కాలువ వదులుతారు, చెరువు నిండుతుంది, బిందె ముంచుకుని ఇంటికి తెచ్చుకుంటారు. నీళ్లు బురదగా ఉంటే ఇంత చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగిపోతుంది. నీళ్లంటే నాకు అంతే తెలుసు.

నాకు ఉద్యోగం ఇచ్చిన ఊళ్లో నుయ్యన్నదే లేదు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. కాలువ కొస నాలుగు కోసుల అవతలే ఆగిపోయింది. ఊరికీ సముద్రానికీ మధ్య పొడుగాటి ఇసుక దిబ్బ ఒకటి ఉండేది. ఊరి ప్రాణమంతా ఆ దిబ్బలోనే ఉంది. వానాకాలంలో దాని మీద పడ్డ నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పాల మీద మీగడలాగా తేలి నిలుస్తుంది. దిబ్బ నడుమ వెడల్పుగా, పళ్లెంలాగా గొయ్యి తీస్తే ఆ వాననీరే నెమ్మదిగా ఊరి వస్తుంది. ఆ గోతిని దొరువు అంటారు. మెట్లూ గిలకా ఏమీ ఉండవు. ఇసుక వాలు మీద నడిచి దిగడం, కొబ్బరి చిప్పతో తోడి కడవలో పోసుకోవడం, అంతే.

అయితే ఆ నీళ్లు వాటంతట అవి వచ్చేవి కావు. తొలకరికి ముందు ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి పార పట్టుకుని దిబ్బ మీదికి రావాలి. పడ్డ చినుకు జారిపోకుండా ఎక్కడికక్కడ ఇంకేందుకు వాలుకు అడ్డంగా చిన్నచిన్న గట్లు వేయాలి. పశువుల్ని ఎక్కనివ్వకూడదు. వానలు వెనకపట్టాక, దొరువులోకి జారిన ఇసుకంతా ఎత్తిపోసి మళ్లీ పాత లోతుకు తేవాలి. గట్ల పనికి మనిషిని పంపని ఇల్లు ఏదైనా ఉంటే, ఆ ఏడంతా నీళ్ల వంతులో ఆ ఇంటిది ఆఖరి చోటు. మోతుబరి అయినా సరే.

ఈ పనంతటికీ పెద్ద ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ని మావయ్య అనేది, ఆయన కంటే పెద్దవాళ్లు కూడా. నేనూ అలాగే పిలిచాను. యాభై దాటిన మనిషి, కొంగకాళ్లలాంటి కాళ్లు, ఎప్పుడూ మోకాళ్ల పైకి బిగించిన పంచె. ఎకరంన్నర చేను తప్ప ఏమీ లేదు. ఈ పని చేసినందుకు ఎవరూ ఆయనకు ఏమీ ఇచ్చేవారు కాదు, ఆయన అడిగేవాడూ కాదు. వాళ్ల నాన్న చేశాడు, అందుకని చేసేవాడు. ఆయన దగ్గర ఒక సరుగుడు కర్ర ఉండేది, దాని మీద కత్తితో పెట్టిన ఒకే ఒక గాటు. దొరువుకు ఇవతలి గట్టున ఒక తాటి మొద్దు, అవతలి గట్టున ఒక తాటి మొద్దు పాతి ఉండేవి. రెంటికీ తాడు బిగించి, తాడు నుంచి కిందికి కర్ర దించి కొలిచేవాడు. గాటు తాడుకు తగిలితే తవ్వడం ఆగిపోవాలి. వేలెడు ఎక్కువ కూడా వద్దు.

పెళ్లయిన రెండో ఏడు మా ఆవిడ కాపురానికి వచ్చింది. పుట్టింటి నుంచి చిల్లగింజలు ఒక డబ్బా నిండా తెచ్చుకుంది. దొరువు నీళ్లు అద్దంలా ఉన్నా, అలవాటు కొద్దీ గింజ అరగదీసి కలుపుతుంటే మావయ్య చూశాడు.

"ఏంటమ్మాయ్ అది? పుట్టుగుండుకి దువ్వెనెందుకు?" అన్నాడు.

ఆవిడకి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన్ని బాబాయ్ అనడం మొదలుపెట్టింది. నీళ్లు తోడడం ఆయనే నేర్పాడు. బిందె ముంచకూడదు, చిప్పతో పై నీళ్లు మాత్రమే తియ్యాలి, కడవ నిండాక కాసేపు కూర్చుని రెండో కడవ మొదలుపెట్టాలి. "అది కూడా ఊపిరి తీసుకోవాల గదా" అనేవాడు దొరువుని. అలా కూర్చున్న కాసేపట్లోనే ఊళ్లో కబుర్లన్నీ మా ఆవిడకి తెలిసిపోయేవి. నేను రెండేళ్లలో తెలుసుకోలేనిది ఆవిడ రెండు వారాల్లో తెలుసుకుంది.

మావయ్య మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడ కాఫీ ఇచ్చేది. ఆయనకు కాఫీ అంటే బొత్తిగా పడదు. అయినా కళ్లు మూసుకుని తాగి గ్లాసు కింద పెట్టేవాడు. "కషాయం బాగుందమ్మాయ్. ఇంట్లో ఎవరికి జొరం?" అనేవాడు. ఒక్కసారి కూడా వద్దనలేదు. ముంజల కాలంలో మొదటి గెల మా గుమ్మంలోనే ఉండేది. మాకు అమ్మాయి పుట్టి, మా ఆవిడ పుట్టింటి నుంచి తిరిగి వచ్చినప్పుడు, చంటిపిల్ల ఉన్న ఇల్లని చెప్పి మా వంతు కడవ ముందుకు జరిపించాడు. ఎవరూ కాదనలేదు. ఆయన మాట అలా చెల్లేది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. ఉగాది వెళ్లేసరికి దొరువులో నీరు చీలమండ లోతుకు వచ్చింది. ఇంటికి రెండు కడవల వంతు ఒక కడవైంది. ఒక సాయంత్రం పదిమందిమీ దిబ్బ మీద కూర్చుని ఉన్నాం. నేను కొత్త సంగతి కనిపెట్టినవాడిలాగా అడిగాను.

"మావయ్యా, ఇంకో మూర తవ్వితే ఏం?"

"ఏముంది పంతులుగారూ, సముద్రం తగులుద్ది."

"సముద్రం అరకోసు అవతల ఉంది కదా."

"పక్కనించి అరకోసు. కిందనించి మూరెడు."

అందరూ నవ్వారు. నేను వదలలేదు. "గుడివాడలో మా నుయ్యి పన్నెండు మూరలు. లోతు పెరిగేకొద్దీ ఊట పెరుగుతుంది. ఇది లెక్క."

"పంతులుగారికి లెక్క వచ్చురా. దొరువుకే రాదు, అదీ చిక్కు" అన్నాడు ఆయన, చుట్ట వెలిగించుకుంటూ. "పోనీ దీన్ని కూడా బళ్లో ఎయ్యండి. పలక నేను కొనిపెడతా."

"పలక సరే, మావయ్యా, అది రాయకపోతే పంతులుగారు గోడకుర్చీ ఏయిస్తారు. ఎవరు నిలబెడతారు దాన్ని?" అంది కడవ ఎత్తుకుంటున్న ఒక ముసలావిడ. మళ్లీ నవ్వులు.

వారం రోజులు అదే వేళాకోళం. బడికి వెళ్తుంటే అరుగుల మీద నుంచి "పంతులుగారూ, దొరువు ఇవాళైనా బళ్లోకొచ్చిందా?" అని అడిగేవారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, తమ మనిషి అనుకున్నవాణ్ణి ఏడిపించినట్టే ఏడిపించారు. నాకు ఆ తేడా తెలియలేదు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, చుట్ట కాల్చుకునే మనిషి నలుగురిలో నోరు మూయించాడు అన్నదే మనసులో ఉండిపోయింది. చంటిపిల్లకి నీళ్లు చాలడం లేదన్న కారణం కూడా ఉంది, లేదనను. కానీ పార పట్టుకున్నప్పుడు నేను పిల్లని తలుచుకోలేదు. మావయ్య ముఖాన్ని తలుచుకున్నాను.

అవనిగడ్డలో వాళ్ల బావమరిది ఇంట పెళ్లని ఆయన ఊరు వెళ్లాడు. మర్నాడు మా వంతు మధ్యాహ్నం వచ్చింది. ఎండకి ఊరంతా తలుపులు వేసుకుని ఉంది. బడి పెరట్లో మొక్కలకు వాడే పార తీసుకుని వెళ్లాను. దొరువులో మోకాళ్ల మీద కూర్చుని, సరిగ్గా నడుమ, చేతులు చాచినంత మేర, నా మోచేతితో కొలుచుకుంటూ మూరెడు తవ్వాను. తీసిన తడి ఇసుకని గట్టు వెనక పలచగా చల్లాను. ఎండ కాసేపట్లో దాన్ని ఆరబెట్టేసింది. నేను పైకి వచ్చి చూసేసరికి కింద నీరు బుడబుడమంటూ వస్తోంది. మళ్లీ దిగి దోసిటితో తాగాను. తియ్యగా ఉన్నాయి.

రెండు కడవల నీళ్లు తెచ్చాను. మా ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఊట బాగుంది ఇవాళ" అన్నాను. అది అబద్ధం కాదు కదా అనుకున్నాను.

ఆ రెండు రోజులూ ఊరు పండగ చేసుకుంది. మళ్లీ రెండు కడవల వంతు వచ్చింది. గంగమ్మ కరుణించిందన్నారు, పసుపు కుంకుమ చల్లారు. నేను మాత్రం పెదవి కదపలేదు. మావయ్య రావాలి, అందరూ చేరాలి, అప్పుడు చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుని ఉంచుకున్నాను: "మావయ్యా, మీ దొరువుకి లెక్క వచ్చేసిందండోయ్" అని. బళ్లో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే నేను ఆ మాటని లోలోపల వల్లించుకున్నాను.

మూడో రోజు పప్పు ఉడకలేదు.

"ఏవండీ, కందిపప్పు చూడండి" అంది మా ఆవిడ. "పొద్దుటినించి మూడుసార్లు కట్టెలు ఎగదోశాను. రాళ్లలాగా ఉంది."

"పాత పప్పేమో."

"మొన్న అదే పప్పు కదండీ వండింది."

ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాను. పళ్లకు గట్టిగా తగిలింది. ఉప్పు తగిలిన నీళ్లలో పప్పు ఉడకదని ఆ ఊరు వచ్చాకే విన్నాను. సాయంత్రానికి వీధిలో ఏ ఇంట్లోనూ పప్పు ఉడకలేదని తెలిసింది. మర్నాటికి నాలుక మీదే తెలిసిపోయింది. ఎదురింటివాళ్లు పాలల్లో నీళ్లు కలిపి కాస్తే విరిగిపోయాయి. చంటిపిల్ల చెంచాడు నీళ్లు పట్టగానే ముఖం చిట్లించి ఉమ్మేసింది.

ఆ పూటే మావయ్య తిరిగి వచ్చాడు. భుజాన సంచీ కూడా దించకుండా దిబ్బ మీదికి వచ్చాడు. ఊరంతా అక్కడే ఉంది. చిప్పతో తీసి నోట్లో పోసుకుని, పక్కకి ఉమ్మేశాడు. తాడు కట్టించి కర్ర దించాడు. గాటు తాడు దగ్గర ఆగలేదు. దాన్ని దాటి ఇంకా ఇంకా కిందికి పోయింది, సరిగ్గా మూరెడు.

ఆయన కర్ర పైకి తీసి, గాటు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు తడిమాడు. నా వైపు ఒకసారి చూశాడనిపించింది. నా భ్రమేనేమో.

"వానలు ఎనకపట్టాక దొరువు తీసినప్పుడు కొలిసింది ఎవరు మావయ్యా?" అన్నాడు ఊరిపెద్ద.

"నేనే."

"మరి ఈ మూరెడు ఎట్టా వచ్చింది?"

ఆయన జవాబు వెతుక్కున్నాడు. ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ దొరువు అడుగున పార పెట్టడు. అది వాళ్ల ఊహకే అందదు. అందని ఊహని వదిలేస్తే మిగిలింది ఒక్కటే.

"నా కళ్లే తప్పి ఉంటాయి" అన్నాడు. "గాటు సరిగ్గా ఆనినట్టు లేదు."

"ముసిలాడి కళ్లకి మమ్మల్ని ఉప్పులో ఊరేశావు గదా" అన్నారు ఎవరో. ఇంకొకరు "కళ్లు కనపడనోడు సెప్పాల గదా ముందే" అన్నారు. నిన్నటిదాకా ఆయన మాటకు ఎదురు చెప్పనివాళ్లే. దాహం మనుషుల్ని అలా చేస్తుంది. మా ఆవిడ ఒక్కతే పిల్లని చంకన వేసుకుని గట్టిగా అంది, "బాబాయ్ కళ్లకి ఏం కాలేదు. మొన్న నా కూతురి కంట్లో పడ్డ నలుసు ఆయనే తీశారు" అని. ఎవరూ వినలేదు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను.

చెప్పడానికి ఎంతసేపు పట్టేది? "నేను తవ్వాను." రెండు మాటలు. నోరు తెరిచాను కూడా. అంతలో ఊరిపెద్ద నా వైపు తిరిగి, "పంతులుగారూ, ఒక కాగితం రాయండి, కరణంగారి దగ్గిర ఉంచుదాం" అన్నాడు. తెరిచిన నోటితో "అలాగేనండి" అన్నాను.

ఇకమీదట దొరువు కొలత ముగ్గురు మనుషులు కలిసి చూడాలన్నది తీర్మానం. కారణం రాయమన్నారు. "పూర్వము కొలుచుచుండిన వాని దృష్టిలోపము చేత" అని రాశాను. నా దస్తూరి బాగుంటుందని ఆ ఊళ్లో అందరూ అనేవారు. ఆ వాక్యాన్ని ఇంకా కుదురుగా రాశాను. పెద్దలందరూ వేలిముద్రలు వేశారు. ఆయన చేత కూడా వేయించమన్నారు. ఆయన బొటనవేలు పట్టుకుని సిరా అద్ది, కాగితం మీద ఒత్తించింది నేనే. వేలికి ఇంకా తడి ఇసుక అంటి ఉంది.

అంతా అయ్యాక ఆయనే చెప్పాడు ఏం చెయ్యాలో. మూరెడూ మంచి ఇసుకతో పూడ్చాలి, వాన పడేదాకా ముట్టుకోకూడదు, రెండు వానాకాలాలు దాటితే తేరుకుంటుంది. వాళ్లు ఆయన్ని తీసేసినప్పటికీ ఆ మాట మాత్రం విన్నారు. ఆ ఏడు వానలకి ముందే పూడ్చారు.

ఆ ఎండాకాలం ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ నోరు పిడచగడుతుంది. పొద్దున్నే బళ్లు కట్టుకుని కాలువ కొస దాకా వెళ్లి పీపాలతో నీళ్లు తెచ్చుకునేవాళ్లం. వచ్చేసరికి ఒంటిగంట. ఆ నీళ్లు తాగి మా అమ్మాయికి విరేచనాలు పట్టుకున్నాయి. తొమ్మిది రోజులు పిల్ల చేతుల్లో వడిలిపోయింది. మా ఆవిడ డబ్బాలో ఉన్న చిల్లగింజలన్నీ అరగదీసింది. ఆవిడ అరగదీస్తుంటే ఆ చప్పుడు వినలేక బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఊరికి వెలుపల ఉంచిన పేటవాళ్లకు దిబ్బ చివర వేరే చిన్న దొరువు ఉండేది. ఊరి దొరువు వాళ్లు ముట్టకూడదన్నది కట్టుబాటు. మాది పాడయ్యాక, బళ్లు లేని ఇళ్లవాళ్లం కడవలు పట్టుకుని అక్కడికే వెళ్లాం. వాళ్లకే చాలీచాలని నీళ్లు. ఒకావిడ చిప్పతో నా కడవలో పోస్తూ, "మా చెయ్యి మీ దొరువుకి తగిలితే మైల. మా నీల్లు మీ గొంతులో దిగితే కాదా పంతులుగారూ?" అంది. అని నవ్వి, ఇంకో చిప్ప ఎక్కువే పోసింది. అంతకు ముందూ ఆ తరవాతా నేను విన్న పాఠాల్లో అది పెద్దది. అప్పుడు మాత్రం తల దించుకుని కడవ ఎత్తుకున్నాను.

మొదటి వాన పగటిపూట వచ్చింది. బడి వదిలేశాను, పిల్లలు ఆగలేదు. ప్రతి ఇంటి ముందూ నాలుగు గుంజలకు ఉతికిన పంచెలు, చీరెలు కట్టి, నడుమ గులకరాయి వేసి, కింద గోలేలు, గంగాళాలు, పప్పుగిన్నెలు, ఆఖరికి చెంబులు కూడా పెట్టారు. ముసలివాళ్లు వీధిలో నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. మా ఆవిడ తన పెళ్లి పట్టుచీర ఒక్కటీ తప్ప అన్నీ కట్టేసింది. గుడ్డ నడుమ నుంచి సన్నటి ధార గోలెంలోకి పడుతుంటే, పిల్ల చెయ్యి పట్టుకుని ఆ ధార కింద పెట్టి ఆడించింది. నేను పిల్లని చూసి నవ్వుతూ తల ఎత్తాను. దూరంగా దిబ్బ మీద ఒక్క మనిషి, ఆ వానలో వంగి, తెగిన గట్టుకి ఇసుక లాగుతున్నాడు. ఇక అది ఆయన పని కాదు. ఎవరూ చెయ్యమనలేదు.

రెండేళ్లకి నాకు బందరు బదిలీ అయింది. దొరువు అప్పటికి తేరుకుంది. మావయ్య మాత్రం తేరుకోలేదు. వచ్చే పోయేవాళ్లు చెప్పే కబుర్ల వల్ల తెలిసేది: ఆయన ఏదీ కొలవడట. చేనిగట్టు వంకరా తిన్ననా అన్నది కొడుకునే చూడమంటాడట. ఇంటికి నిట్రాడు గుంజ నిలబెడుతూ నిలువు చూడమంటే పక్కకి తప్పుకున్నాడట. ఎవరైనా సలహాకి వస్తే "నా చూపు మంచిది కాదయ్యా, ఇంకోణ్ణి అడుగు" అంటాడట. మా ఆవిడ ఇవి విని బాధపడేది. నేను పేపరు తిరగేసేవాణ్ణి.

యుద్ధం రోజుల్లో ఒక వేసవి, పెట్రోలు కరువై బొగ్గుతో నడిపే బస్సులో మసిగొట్టుకుని ఆయన బందరులో మా ఇంటికి వచ్చాడు. కళ్లు చూపించుకోవడానికి. ఎడమ కన్ను మసకలు కమ్ముతోందట. మా ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. మా అమ్మాయి, అప్పటికి పెద్దపిల్ల, ఆయన ముందుకు వచ్చి నమస్కారం పెడితే, "నీ కంట్లో నలుసు ఊడిందా ఇంకా ఉందా?" అన్నాడు.

మర్నాడు జట్కాలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దీపం పెట్టి చూసి, ఎడమ కంట శుక్లం మొదలైందనీ, కుడి కన్ను శుభ్రంగా ఉందనీ చెప్పారు. మావయ్య లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

"డాక్టరుగారూ, ఈ పొర ఎన్నేళ్ల నించి ఉండుంటుందండీ?"

"రెండు మూడేళ్లు."

"పదహారేళ్లు ఉండదా?"

"పదహారేళ్లయితే ఈపాటికి నువ్వు నన్ను చూడగలిగేవాడివి కాదు. అప్పుడు నీ కళ్లు నిక్షేపంలా ఉండి ఉంటాయి."

ఆయన దీనికోసమే వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది. జట్కా ఎక్కాం. మా వీధి మలుపు తిరిగాక, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు:

"అయితే కళ్లు కాదు. బుద్ధే తప్పిందన్నమాట. గాటు కనపడతానే ఉంది, నేనే అశ్రద్ధ చేశాను."

కళ్ల మీద వేసిన తప్పుని ఇన్నేళ్లు మోశాడు. ఇప్పుడు దాన్ని తీసి మనసు మీద పెట్టుకుంటున్నాడు. ఇల్లు చేరి వసారాలో కూర్చున్నాం. మా ఆవిడ కాఫీ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుంటూ ఉండగా నేను చెప్పేశాను. ముందు వెనకలు లేకుండా, పార దగ్గర మొదలుపెట్టి, పప్పు దాకా, కాగితం దాకా. మా ఆవిడకి కూడా అదే మొదటిసారి వినడం. ఆవిడ నా చేతిలో గ్లాసు వెనక్కి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మావయ్య కాఫీ మొత్తం తాగాడు. ఈసారి కషాయం మాట ఎత్తలేదు.

"ఆ రోజు నీ వైపే చూశాను పంతులూ" అన్నాడు. 'గారు' తగిలించకుండా ఆయన నన్ను పిలవడం అదే మొదలు. "ముందు నువ్వే గుర్తొచ్చావు. మళ్లీ నన్ను నేనే తిట్టుకున్నా. పిల్లలకి చదువు చెప్పే మనిషి, చేసుంటే చెప్పేవాడు గదా అని. అనుమానించినందుకు సిగ్గేసి నాలుగు రోజులు మీ ఇంటి వైపు రాలేకపోయాను."

"మావయ్యా, నన్ను..."

"ఉండు. పదహారేళ్లు నా కళ్లని నేను నమ్మలేదు. నా కొడుకు పెళ్లికి పిల్లని చూడ్డానికి కూడా ఎల్లలేదు, నా చూపెందుకని. అది నువ్వు తెచ్చివ్వగలవా? తెచ్చివ్వలేవు. మరి నాకు చెప్పి ఏం లాభం?" ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ నీళ్లు తాగింది ఊరు. నా వేలు పట్టుకుని ముద్రేయించింది ఊరి ముందర. గట్ల పనికి అందరూ దిబ్బ మీదకొస్తారు గదా. రా. అక్కడ చెప్పు."

ఆయన ఆ సాయంత్రమే బస్సెక్కాడు. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సంచీ సర్ది గుమ్మంలో పెట్టి, "తొలకరికి ముందే వెళ్లండి. నేనూ వస్తాను" అంది.

పడవ మీద ఏరు దాటి, అవనిగడ్డ నుంచి ఎడ్లబండి మీద వెళ్లాం. దిబ్బ మీద నలభై మంది దాకా ఉన్నారు. ఊరిపెద్ద పోయాడు, ఆ కాగితం మీద వేలిముద్రలు వేసినవాళ్లలో ముగ్గురో నలుగురో మిగిలారు. పారలు పట్టుకున్నవాళ్లు చాలామంది నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే. "పంతులుగారొచ్చారు" అని ఒక్కసారి చుట్టూ మూగారు. ఒకడు కొబ్బరిబోండాం కొట్టించబోయాడు. వద్దన్నాను. తాగితే ఇక చెప్పలేననిపించింది.

మావయ్య కొంచెం దూరంలో ఇసుక మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేచి ఎదురు రాలేదు. మా ఆవిడ వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లు పిల్లల ముందు నిలబడి గొంతెత్తినవాణ్ణి, ఆ రోజు గొంతు నాకే వినపడలేదు. సగంలో ఆగిపోయాను. అప్పుడు వెనక నుంచి మావయ్య గొంతు వినిపించింది.

"గట్టిగా చెప్పండి పంతులుగారూ. ఆ చివర ఉన్నోళ్లకి వినపడలేదంట."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను, గట్టిగా.

"ఆ ఏడు దొరువు ఉప్పెక్కింది మావయ్య కొలత తప్పి కాదు. ఆయన కొలత వేలెడు కూడా తప్పలేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు, మధ్యాహ్నం పూట, నా వంతు వచ్చినప్పుడు నేను ఒక్కణ్ణే వచ్చి మూరెడు తవ్వాను. వద్దని ఆయన చెప్పినా తవ్వాను. నలుగురిలో నవ్వారన్న ఉక్రోషంతో తవ్వాను. తరవాత ఆయన మీద మాట పడుతుంటే పక్కనే నిలబడి విన్నాను. ఆయన కళ్లు పోయాయని అబద్ధం రాశాను. ఆ ఎండాకాలం మీ ఇళ్లలో పిల్లా పాపా పడ్డ బాధంతా నా వల్లే. తప్పు నాది. మావయ్యా, నన్ను క్షమించండి. మీరందరూ నన్ను క్షమించండి."